ఆర్మీనియా యనాథలకు ఒక పూట కూడు

దానమనగా మిగిలినది పెట్టుటయే యని తలచువారు 1923వ సంవత్సరపు డిసెంబరు మాసమున అమెరికాలో జరిగిన యొక యాదివారమును గూర్చి వినవలయునని మేము కోరెదము.

1915లో ఆటొమన్ సామ్రాజ్యమున ఆర్మీనియనులు ఊళ్లనుండి తరుమబడి సంహరింపబడుచుండగా, అచ్చటి అమెరికా రాయబారి హెన్రీ మార్గెంతౌ ఆ ఘోరమును స్వదేశమునకు దెలిపెను. ఆ యేడే న్యూయార్కున నొక సహాయసంఘము పుట్టెను. 1919లో అమెరికా శాసనసభ దానికి 'నియర్ ఈస్ట్ రిలీఫ్' అను పేర అధికారపత్ర మొసగెను. 1930 నాటికి అది సేకరించిన ధనమును వస్తువులును కలిసి 11 కోట్ల డాలర్లకు మించెను. ఆదుకొన్న యనాథలు లక్షకు పైబడిరి.

ఇదంతయు ధనికుల పెట్టెలనుండి వచ్చినది కాదు. పైజెప్పిన యాదివారమున అనేక కుటుంబములవారు అనాథాశ్రమమునందు బిడ్డలకు పెట్టునట్టి సాదా భోజనమునే తమ యింట వండుకొని తిని, మిగిలిన రొక్కమును సంఘమునకు బంపిరి. ఆకలిగొన్న బిడ్డల బొమ్మలను గోడల కంటించి కనికరము రాబట్టుటకును సంఘమువారు వెనుదీయలేదు; అది మాకంతగా రుచింపదు. ఆ బిడ్డ కూటిని తాను తిని చూచుట వేఱు.

కూటితో పని తీరదని వారెఱుగుదురు. అలెగ్జాండ్రపోలులో, అనగా నేటి గ్యూమ్రీలో, రష్యా సైనికుల పాత బారకులందు వేలకొలది బిడ్డలను జేర్చి, చదువుతోపాటు చేతివృత్తులును నేర్పించిరి. లెబనాను నందలి గజీరులో అనాథబాలికలు నేసిన పెద్ద తివాసి 1925లో అమెరికా అధ్యక్షుడు కూలిడ్జికి కానుకగా బోయెను. పుచ్చుకొన్న చేతులే యిచ్చినవి. ఆ తివాసి చాలకాలము మఱుగున నుండి, 2014 నవంబరులో శ్వేతసౌధ సందర్శకశాలయందు కొన్నిదినములు ప్రజలకు జూపబడెను.