మట్టి మాకు కొత్త కాదు

పశ్చిమ దేశాల్లో శవానికి రసాయనాలు ఎక్కించి, పాలిష్ పెట్టెలో పెట్టి పూడ్చి, పైన చలువరాయి నిలబెట్టడం రివాజు. 1993లో ఇంగ్లండ్‌లోని కార్లైల్ పట్టణ శ్మశానం వేరే దారి చూపింది. రాయికి బదులు చెట్టు నాటారు. దాన్నిప్పుడు సహజ ఖననం అంటున్నారు. నేలకు మేలంటున్నారు. మంచి మాటే.

మరి మేము తరతరాలుగా చేస్తున్నదేమిటి? గుసుల్ చేయించి, మగవాళ్లకు మూడు, ఆడవాళ్లకు ఐదు గుడ్డల కఫన్ చుట్టి, పెట్టె లేకుండా నేలలో పడుకోబెడతాం. పైన బల్లలు పరిచి, తలా మూడు పిడికిళ్ల మట్టి వేస్తాం. మోసుకెళ్లిన డోలా మసీదుకే తిరిగొస్తుంది, రేపు మరొకరి కోసం. నవాబుకైనా దూదేకుల సాయిబుకైనా అదే గుడ్డ, అదే మట్టి.

సమాధికి సున్నం వేయొద్దనీ, దానిమీద కట్టడం కట్టొద్దనీ హదీసు ఉంది. పాదుషాలు వినలేదు. గోల్కొండలో కుతుబ్‌షాహీలు గుమ్మటాలు లేపారు. షాజహాన్ తాజ్‌మహల్ కట్టించాడు. ఆయన కూతురు జహనారా 1681లో కన్నుమూసింది. ఢిల్లీ నిజాముద్దీన్ దర్గాలో ఆమె సమాధి చుట్టూ పాలరాతి జాలీ ఉన్నా, పైన కప్పు లేదు. మట్టి, ఆ మట్టిలో మొలిచిన పచ్చగడ్డి, అంతే. ఇవాళ మాలో డబ్బున్నవాళ్లు ఖబ్రస్తాన్లలో సిమెంటు కట్టేముందు ఆ గడ్డిని తలుచుకోవాలి. కట్టేసిన నేల ఇంకో పేదవాడికి అందదు.

ఇంత సాదా పద్ధతే 2020లో నేరమైంది. కరోనాతో పోయినవాళ్లను ఖననం చేయొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినా, శ్రీలంక ప్రభుత్వం అందరినీ కాల్చాల్సిందేనంది. పూడిస్తే భూగర్భ జలాలు చెడతాయన్నది సాకు. కన్నవాళ్లు వద్దన్నా ఇరవై రోజుల పసిగుడ్డును కూడా కాల్చారు. 2021 ఫిబ్రవరిలో గానీ ఆ నిబంధన పోలేదు. 2024లో క్షమాపణ చెప్పారు. ముంబైలోనూ 2020 మార్చి 30న నగరపాలక సంస్థ ఏ మతంవారికైనా దహనమేనని ఉత్తర్వు వేసి, ఆ రోజే వెనక్కి తీసుకుంది.

కార్లైల్‌లో పర్యావరణమైన మట్టి, కొలంబోలో విషమెలా అయింది? మట్టి మారలేదు. పూడ్చేవాళ్లెవరన్నదే మారింది.

మా పద్ధతే గొప్పదని మేమనడం లేదు. ఈ తెలుగు నేలమీద క్రైస్తవులు, లింగాయతులు, ఎన్నో దళిత కులాలవాళ్లు కూడా మట్టికే పోతారు. మేమడిగేది ఒక్కటే. మా చావును అనుమానించే ముందు మా మట్టిని ఒకసారి చూడండి. అందులో మీకు హాని చేసేదేమీ లేదు.