పొలుసు ముందు, చేప తరువాత

పదవీ విరమణ తరువాత చదువుకునే తీరిక దొరికింది. అలా చదివిన వాటిలో నన్ను అమితంగా ఆకట్టుకున్న ఒక చరిత్రను సభ్యమిత్రుల ముందుంచుతున్నాను.

ఇంగ్లండులోని లడ్లో పట్టణం దగ్గర కొన్ని అంగుళాలకు మించని ఒక రాతి పొర ఉంది. సుమారు 42 కోట్ల సంవత్సరాల క్రితం లోతు తక్కువ సముద్రం అడుగున పేరుకున్నదది. దాని నిండా ఆవగింజలంతటి పొలుసులు. 1839లో వెలువడిన మర్చిసన్ గ్రంథంలో లూయీ అగాసిజ్ వీటికి 'థెలోడస్' అని పేరు పెట్టారు. ఆ పొలుసుల చేపను మాత్రం ఎవరూ చూడలేదు. దాని ఒంట్లో గట్టి ఎముకలు లేవు కనుక శరీరం కుళ్లిపోయింది, పొలుసులు అలలకు చెదిరిపోయాయి.

కోడిగుడ్డులో పిండం ఎదిగే తీరును 1817లోనే వివరించిన క్రిస్టియన్ పాండర్, 1856లో ఈ పనికి పూనుకున్నారు. నేటి ఎస్టోనియాలోని సారెమా దీవిలో దొరికిన పొలుసులను పలుచగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద చూశారు. అవి మన పళ్లలో ఉండే డెంటిన్‌తోనే తయారయ్యాయి! అయితే రూపం మారినప్పుడల్లా ఆయన కొత్త పేరు పెట్టుకుంటూ పోయారు. పేర్లు పెరిగాయి, చేప దొరకలేదు.

చివరకు స్కాట్లండులోని లెస్మహాగో ప్రాంతపు రాళ్లలో చేపలు పూర్తి ఆకారంతో బయటపడ్డాయి. 1890ల చివర రామ్సే ట్రాక్వేర్ వాటిని వర్ణించారు. పేరు పెట్టిన అరవై ఏళ్లకు చేప కనబడిందన్నమాట. దానికి దవడలే లేవు. దవడ లేని జీవి ఒంటినిండా పంటి పదార్థం! కట్టుడు పళ్ల వయసుకు చేరిన మనకిది వింతే మరి.

ఒకే చేపకు తలమీద ఒక తీరు, ఒంటిమీద మరో తీరు పొలుసులుంటాయని తేలింది. 1967లో జర్మన్ శాస్త్రజ్ఞుడు వాల్టర్ గ్రాస్ ఆ పొలుసులన్నిటినీ తిరిగి పరిశీలించి, అనవసరపు పేర్లను తగ్గించారు. నేడు సున్నపురాయిని బలహీనమైన ఆమ్లంలో కరిగించి, మిగిలిన పొలుసులను ఏరి, ఆ రాయి ఏ కాలానిదో చెబుతున్నారు.

పాండర్ 1865లో మరణించారు. తాను వర్ణించిన చేపను ఆయన చూడనేలేదు. అయినా ఆయన గీయించిన బొమ్మలు, రాసిన కొలతలు ఉండబట్టే తరువాతివారు లెక్క సరిచూడగలిగారు. ఉద్యోగకాలమంతా రికార్డులు రాసి భద్రపరచిన మనకు ఇంతకన్న తృప్తినిచ్చే చరిత్ర ఏముంటుంది?