నాణెముపై నాణెము



మా అన్నగారి మనుమడు వర్తకనౌకలో నుద్యోగి. అతడు గ్రీసుదేశమున పిరేయసు రేవునందు దిగి, తిరిగి వచ్చునపుడు ఆ దేశపు యూరో నాణెములు ఎనిమిదియు తెచ్చి నా చేతిలో పోసెను. అందొకటి నడుమ తెలుపు, చుట్టును పసుపు. దానిపై గుడ్లగూబ బొమ్మ. మా ఇల్లాలు చూచి, "ఈ పిట్టను దేవుని పీఠము దగ్గఱ పెట్టకండి" అనెను. పెట్టలేదు. కాని ఆ పక్షి కథ మీకు చెప్పవలెనని తోచినది.

యూరో ఐరోపాఖండమున పెక్కు దేశములకు ఉమ్మడి నాణెము. ఒక ప్రక్క అందరికిని ఒక్కటే. రెండవ ప్రక్క ఏ దేశపు గుర్తు ఆ దేశమునకు. గ్రీసు 2001లో ఆ కూటమిలో చేరి, 2002 జనవరి 1వ తేదీనుండి ఈ నాణెములను చెలామణిలోనికి తెచ్చెను. అందుకై విడిచినది ద్రఖ్మ. ఆ మాటకు పిడికెడు అని యర్థము. నాణెములు పుట్టక పూర్వము ఆరు ఇనుపచువ్వలు ఒక పిడికెడట. బాల్యమున గురువుగారి యెదుట లీలావతీగణితము వల్లించుచు, పదునారు పణములు ఒక ద్రమ్మము, పదునారు ద్రమ్మములు ఒక నిష్కము అని చెప్పితిని. ఆ ద్రమ్మము ఈ ద్రఖ్మయే యని నాకు తెలిసినది, ముప్పదియేండ్లు బడిలో చెప్పిన పిమ్మట. అంత దూరము నడచివచ్చిన పేరును, కన్నవారే 340.75 ద్రఖ్మలు ఒక యూరోగా లెక్కకట్టి విడిచిరి.

పేరు విడిచినను రూపమును విడువలేదు. శిల్పి గియోర్గియోస్ స్టమటోపౌలోస్ ఒక యూరో బిళ్లపై, క్రీ.పూ. 5వ శతాబ్దమున ఏథెన్సు నగరము ముద్రించిన నాలుగు ద్రఖ్మల వెండినాణెమునే దించెను. ఆ పాతదానికి ఒకవైపు ఎథీనాదేవి శిరస్సు, మఱియొకవైపు ఆమె పక్షియగు గుడ్లగూబ, ఆలివుకొమ్మ. ఎథీనా వారికి జ్ఞానాధిదేవత. మన యింటిపై వ్రాలిన కీడని తలచు పక్షి, వారికి వివేకమునకు గుర్తు.

ఆ వెండి లారియను గనులది. క్రీ.పూ. 483 ప్రాంతమున అచ్చట వెండి సమృద్ధిగా లభింపగా, పౌరులకు తలకు పదేసి ద్రఖ్మలు పంచుదమని తలచిరని హెరడోటసు వ్రాసెను. థెమిస్టోక్లీసు అను నాయకుడు వలదని యొప్పించి, ఆ ధనముతో ఓడలు కట్టించెను. పంచిపెట్టెదనన్నవాని మాట వినుట సులభము. పంచవలదన్నవాని మాట విన్న ఆ జనులను నేను మెచ్చుకొందును. మూడేండ్లలో, క్రీ.పూ. 480లో, సలామిసు జలసంధియందు పారశీకుల మహానౌకాబలమును ఆ యోడలు భంగపఱచినవి. మూడు వరుసల తెడ్లు, నూటడెబ్బదిమంది తెడ్డువేయువారు గల అట్టి యోడయే నేడు వారి నాణెములలో అన్నిటికంటె చిన్నదానిపై నున్నది. పొరుగుదేశములు సెంటు అనుదానిని వీరు లెప్టో అందురు. అది ద్రఖ్మకాలపు చిల్లరపేరు. దానిని తమ లిపిలోనే ముద్రించుకొనిరి.

రెండు లెప్టల బిళ్లపై 19వ శతాబ్దారంభపు యుద్ధనౌక. అయిదింటిపై నేటి నూనెయోడ. దేవతలనడుమ నూనెయోడ యేమని నవ్వితిని. మావాడు పనిచేయునది అట్టి యోడయేనని చెప్పిన పిమ్మట నవ్వలేదు.

పది, ఇరువది, ఏబది లెప్టలపై రీగాస్ ఫెరాయోస్, కపోదిస్త్రియాస్, వెనిజెలోస్ అను దేశనాయకులు. తురుష్కుల యేలుబడినుండి స్వేచ్ఛను కోరిన రీగాసు 1798లో బెల్‌గ్రేడున చంపబడెను. స్వతంత్ర గ్రీసునకు తొలి పాలకుడైన కపోదిస్త్రియాసు 1831లో స్వదేశీయులచేతనే హతుడయ్యెను.

రెండు యూరోల బిళ్లపై ఆబోతు నెక్కిన కన్య. జ్యూసు దేవుడు వృషభరూపమున ఫినీషియా రాకుమారి యూరోపాను క్రీటు ద్వీపమునకు ఎత్తుకొనిపోయిన కథ యది. స్పార్టాలోని 3వ శతాబ్దపు రాతిముక్కల చిత్రమునుండి గ్రహించిరి. ఖండమునకు పేరిచ్చిన కన్య గనుక తగియున్నదందురు. అపహరణమును నాణెమున కెక్కించుట నాకు రుచింపలేదు.

2002నాటి ఒక యూరో బిళ్లలు కొన్ని ఫిన్లాండులో ముద్రింపబడినవి. ఒక నక్షత్రములోని చిన్న యక్షరము అందుకు గుర్తు. భూతద్దముతో వెదకితిని, మా గుడ్లగూబ కది లేదు. దానిని లీలావతిలో ద్రమ్మము వచ్చు పుటయందుంచితిని.