ప్రమాథి అంటే ఏ సంవత్సరం?

నేను చదివింది తమిళ బడిలో. తెలుగు రాతలో తప్పులుంటే సర్దుకోండి.

మన సత్రం పాత కాగితంలో ఇంగ్లీషు తేదీ లేదు. "ప్రమాథి సంవత్సర వైశాఖ శుద్ధ పౌర్ణమి, బుధవారం, చంద్రగ్రహణ పుణ్యకాలం" అని మాత్రం ఉంది. కొత్త బోర్డు మీద 1879 అని రాయించాలని కొందరి పట్టుదల. పాతదైతే గౌరవం ఎక్కువ కదా! కాని ప్రమాథి అరవై ఏండ్లకొకసారి వస్తుంది. 1879 తర్వాత 1939లోనూ వచ్చింది.

ఈ చిక్కు శాసనాలు చదివేవాళ్లకు ఎప్పుడూ ఉండేదే. రైస్ దొర 1905లో కోలారు జిల్లా శాసనాలు అచ్చువేసినాడు. అప్పుడు మన చింతామణి ఆ జిల్లాలోనే, 2007లోనే కదా చిక్కబళ్ళాపురానికి వచ్చినాము. రాళ్ల మీద ఉండేది శకం, తిథి, వారం. వాటిని ఇంగ్లీషు తేదీలకు తెచ్చే పట్టికలను మద్రాసులో ఎల్.డి. స్వామికన్ను పిళ్ళై తయారు చేసినాడు. 1911లో వచ్చిన ఆయన 'ఇండియన్ క్రోనాలజీ' క్రీ.పూ. 1 నుంచి క్రీ.శ. 2000 దాకా పనికొస్తుంది. 1922లో వచ్చిన 'ఇండియన్ ఎఫెమెరిస్' 700 నుంచి 1799 దాకా రోజుల వరుసను గడుల్లో పెట్టింది. కంప్యూటరు లేని కాలం!

ఇప్పుడు మా మనవడు అదే పని పాండాస్‌లో చేస్తాడు. 2008లో వెస్ మెకినీ మొదలుపెట్టిన ఉపకరణం అది. మొదటి తేదీ, చివరి తేదీ ఇస్తే 'డేట్ రేంజ్' నడుమ తేదీలన్నీ వరుసగా ఇస్తుంది. 'టు ఫ్రేమ్' అంటే ఆ వరుస పట్టిక అవుతుంది. పక్క గడిలో వారం చేర్చుకోవచ్చు. స్టేషన్‌లో రైలు వచ్చిన గంట, పోయిన గంట గడుల్లో రాసినవాణ్ని, నాకు వెంటనే అర్థమైంది. ఒక్క లోపం ఉంది: నానోసెకండు లెక్కలో అది 1677కు వెనక్కి పోదు. పిళ్ళై పట్టిక పోతుంది!

మన కాగితానికి వస్తాను. 1879లో ఆ పౌర్ణమి బుధవారం కాదు, గ్రహణమూ లేదు. 1939లో మే 3, బుధవారం. ఆ రాత్రి ఎనిమిదిన్నర దాటినాక సంపూర్ణ చంద్రగ్రహణం నడిమికొచ్చింది, మనవైపు కనబడేదే. వారమూ గ్రహణమూ రెండూ కలిసినాయి.

కాబట్టి బోర్డు మీద 1939 అనే రాయిద్దాం. అరవై ఏండ్లు తగ్గినాయని బాధ వద్దు. రేపు ఎవరడిగినా తలెత్తుకొని లెక్క చూపించవచ్చు.