వరస కూడా రాసిపెట్టుకుందాం
(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మీ ఇంట్లో బీరువా అడుగునో, పాత ట్రంకు పెట్టెలోనో ఒక పాటల పుస్తకం ఉండే ఉంటుంది. అమ్మదో, అత్తగారిదో. అట్ట ఊడిపోయి, పేజీలు పసుపుపచ్చగా మారి, మధ్య మధ్య నూనె మరకలు పడి ఉంటుంది. మంగళహారతులు, లాలి పాటలు, పెళ్ళి పాటలు, బతుకమ్మ పాటలు అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంటాయి. ఒక్కసారి తెరిచి చూడండి. మాటలన్నీ ఉంటాయి గానీ, ఆ పాట ఎలా పాడాలో ఉండదు. మహా అయితే పైన "ఫలానా పాట వరస" అని ఒక ముక్క ఉంటుంది. ఆ ఫలానా పాట ఇప్పుడు ఎవరికి వచ్చు చెప్పండి!

మా పెద్దమ్మది కుల్కచర్ల. ఇప్పుడది వికారాబాదు జిల్లా, 2016 దాకా రంగారెడ్డి జిల్లాలో ఉండేది. చిన్నప్పుడు దసరా సెలవులు రాగానే పరిగి మీదుగా బస్సులో వెళ్ళేవాళ్ళం. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ పెద్దమ్మ పాట అందుకుంటే, మిగతా ఆడవాళ్ళంతా చప్పట్లు కొడుతూ "ఉయ్యాలో" అని పలికేవారు. ఒకసారి నేను ఆమె పక్కన కూచుని ఒక పాట మొత్తం రాసుకున్నాను. "వరస కూడా రాసుకుంటా పెద్దమ్మా, చెప్పు" అన్నాను. ఆమె నవ్వి, "వరస రాస్తరా బిడ్డా? అది నోట్లె ఉంటది గానీ కాయితంల ఉంటదా?" అంది.

పెద్దమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆ మధ్య మా అపార్టుమెంటులో బతుకమ్మ పెట్టినప్పుడు ఆ కాగితం తీసి పాట మొదలుపెట్టాను. మూడో చరణానికి వచ్చేసరికి నాకు తెలియకుండానే ఏదో సినిమా పాట వరసలోకి జారిపోయాను. అందరూ చప్పట్లు కొట్టారు, ఎవరూ తప్పు పట్టలేదు. నాకు మాత్రం పెద్దమ్మ ఇంకోసారి పోయినట్టనిపించింది.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. మన ఆడవాళ్ళ పాటల మాటలు పుస్తకాల్లోకి ఎక్కి చాలా కాలమైంది. నందిరాజు చలపతిరావుగారు ఏలూరు నుంచి "స్త్రీల పాటలు" అచ్చువేసింది 1899లో. 1955లో హైదరాబాదులో ఆంధ్ర సారస్వత పరిషత్తు, కృష్ణశ్రీగారు సంపాదకత్వం వహించిన "స్త్రీల రామాయణపు పాటలు" ప్రచురించింది. ఇటువంటి పుస్తకాల వల్లే ఎన్నో పాటలు మనకు దక్కాయి. కానీ వీటిలో ఎక్కువ భాగం సాహిత్యమే. వరస సంగతి పాడేవాళ్ళ జ్ఞాపకానికే వదిలేశారు.

మరి వరస రాయడం మనవాళ్ళకు చేతకాదా? భేషుగ్గా చేతనవును. ఆ చరిత్ర వింటే మీకే ఆశ్చర్యం కలుగుతుంది.

చిన్నస్వామి మొదలియారుగారని మద్రాసులో ప్రభుత్వోద్యోగి ఒకాయన ఉండేవారు. విద్వాంసులతోపాటే కృతులు కూడా పోతాయేమోనని ఆయన దిగులు. 1893లో మన కర్ణాటక కృతులను పాశ్చాత్యుల అయిదు గీతల పద్ధతిలో అచ్చువేయడం మొదలుపెట్టారు. ముత్తుస్వామి దీక్షితులవారి కృతుల కోసం ఆయన ఆశ్రయించిన విద్వాంసుడు సుబ్బరామ దీక్షితులుగారు. ఈయన ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలస్వామి దీక్షితులకు దౌహిత్రుడు, దత్తపుత్రుడు కూడా. తమిళదేశంలోని ఎట్టయాపురం సంస్థానంలో ఆస్థాన విద్వాంసుడు. తరతరాల విద్యను అచ్చులో పెట్టమని మొదలియారుగారు పట్టుబట్టారు. ఎట్టయాపురం ప్రభువులు అండగా నిలిచారు. అలా 1904లో "సంగీత సంప్రదాయ ప్రదర్శిని" వెలువడింది. అది అచ్చయినది తెలుగు లిపిలో!

ఆ పుస్తకంలో గొప్పదనం ఏమిటంటే, స రి గ మలు రాసి ఊరుకోలేదు. స్వరం వణికితే దానికో గుర్తు, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారితే దానికో గుర్తు పెట్టారు. అచ్చుకూర్చేవారికి అదెంత ఓపిక పనో ఊహించుకోండి. ఈ కష్టం మనకొక్కరికే కాదులెండి. 1501లో వెనిస్ నగరంలో పెత్రూచి అనే ఆయన బృందగానం పుస్తకాన్ని అచ్చువేసినప్పుడు, ఒక్కో కాగితాన్ని మూడేసి సార్లు యంత్రంలో పెట్టేవాడట. గీతలకోసారి, స్వరాలకోసారి, మాటలకోసారి!

అందుకే వరస అచ్చు కావాలంటే రాజుగారి ఖజానా, ముద్రణాలయం కావలసివచ్చేది. కుల్కచర్లలో బతుకమ్మ ఆడే మా పెద్దమ్మ పాటకు ఆ భాగ్యం ఎక్కడిది?

ఇక మన కాలానికి వద్దాం. 1983లో వాద్యాలకూ కంప్యూటర్లకూ మధ్య స్వరాలు చేరవేసే "మిడి" అనే ఉమ్మడి పద్ధతి వచ్చింది. 1988లో అమెరికాలో "ఫినాలే", 1993లో ఇంగ్లండులో "సిబేలియస్" అనే సంగీత లేఖన సాఫ్టువేర్లు వచ్చాయి. అవి డబ్బు పెట్టి కొనుక్కోవలసినవి. 2002లో జర్మనీకి చెందిన వెర్నర్ ష్వీర్ మొదలుపెట్టిన "మ్యూజ్‌స్కోర్" మాత్రం ఉచితం. 2011లో దాని మొదటి పూర్తి రూపం విడుదలైంది. పిల్లలు చదువుకొనే మామూలు కంప్యూటరు చాలు. మన సంగీతానికే ప్రత్యేకంగా చెన్నైలోని ఎం. సుబ్రమణియన్‌గారు "గాయక" అనే సాఫ్టువేరు తయారుచేశారు. అందులో స రి గ మలను ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేస్తే కంప్యూటరే వాయించి వినిపిస్తుంది.

"మాకు సంగీతం రాదే!" అంటారేమో. వంటకు కొలతలు రాసుకోవడం వచ్చు కదా, ఇదీ అంతే. ముందు పెద్దవాళ్ళ చేత పాడించి ఫోనులో రికార్డు చేసుకోండి. మ్యూజ్‌స్కోరులో "స"కు "సి" అనే స్వరాన్ని పెట్టుకోండి. రి, గ, మలు దాని పైన వస్తాయి. ఒక్క పలుకు విని, ఒక్క స్వరం పెట్టి, వాయించి చూసుకోండి. తేడా ఉంటే దించండి, లేదా ఎక్కించండి. మన పాటలు చాలావరకు కొద్ది స్వరాల్లోనే తిరుగుతాయి గనక ఒక పల్లవి పట్టుబడితే పాట దాదాపు పట్టుబడినట్టే. స్వరాల కింద మాటలు తెలుగులోనే టైపు చేయవచ్చు. శ్రుతి ఎక్కువైందనుకుంటే పాటనంతా ఒకేసారి కిందికి దించవచ్చు. ఇంట్లో పిల్లలు సంగీతమో కీబోర్డో నేర్చుకుంటుంటే వాళ్ళను పక్కన కూచోబెట్టుకోండి. వాళ్ళకు స్వరం, మీకు పాట. ఇద్దరికీ పాఠమే.

ఒక్క మాట దాచకుండా చెప్పాలి. యంత్రం స్వరాన్ని మెట్టు మీద మెట్టులా వాయిస్తుంది. మన గొంతు మెట్టుకూ మెట్టుకూ మధ్య కూడా పోతుంది. జారుకు ఒక గీత గీయవచ్చుగానీ ఆ ఒయ్యారమంతా గీతకు రాదు. నూరేళ్ళ కిందట సుబ్బరామ దీక్షితులుగారిని కొత్త గుర్తుల కోసం వెతికించిన చిక్కు ఇదే. అందుకే రాసిన కాగితం, రికార్డు చేసిన గొంతు రెండూ ఉండాలి. కాగితం దారి చూపిస్తుంది, గొంతు నడక నేర్పుతుంది.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఇందాక చెప్పిన ఫినాలే, దాదాపు ముప్ఫై అయిదేళ్ళు నడిచి 2024 ఆగస్టులో నిలిపివేతకు వచ్చింది. దానిలో వేలకొద్దీ పాటలు దాచుకున్నవాళ్ళు గాభరాపడ్డారు. కాబట్టి మీ పాటను ఒక్క సాఫ్టువేరుకే అప్పగించి నిశ్చింతగా ఉండకండి. ఏ సాఫ్టువేరులోనైనా తెరుచుకొనేలా "మ్యూజిక్ ఎక్స్ఎమ్ఎల్" రూపంలో ఒక ప్రతి దాచండి. మరో ప్రతి ప్రింటు తీసి, ఆ నూనె మరకల పుస్తకంలోనే పెట్టండి. 1904 నాటి కాగితం ఈనాటికీ చదువుకుంటున్నాం కదా!

చివరికి నా పాట ఏమైందంటారా? కుల్కచర్లలో మా పెద్దమ్మ కూతురు, మా అక్క ఉంది. దానికి ఆ పాట వచ్చునని నాకు ఇన్నాళ్ళూ తోచనేలేదు. అడిగితే ఫోనులోనే పాడింది. నాలుగు మధ్యాహ్నాలు కూచుని స్వరాలు రాశాను. మొన్న ఊరికి వెళ్ళినప్పుడు వాయించి వినిపిస్తే, అక్క తల వంచి శ్రద్ధగా విని, "మిషిను పాడినట్టే ఉన్నది గానీ, తొవ్వ మాత్రం అమ్మదే" అంది. రెండు చోట్ల తప్పు చూపించి, తనే పాడి దిద్దింది.

ఆ తప్పులు దిద్దే మనిషి మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఇంకా ఉండి ఉంటారు. మధ్యాహ్నం వంటపని ముగిశాక ఆమె పక్కన ఒక్క గంట కూచోండి. పాట మాటలు మీ దగ్గర ఎలాగూ ఉన్నాయి. ఈసారి వరస అడగండి.