అందరూ అందలమెక్కిన ఊరు

కూర్చో నాన్నా. ఆ కట్టె కాస్త ముందుకు తొయ్యి. ఫోను పక్కన పెట్టు, ఎక్కడికీ పారిపోదులే.

ప్రజాస్వామ్యం ఎక్కడ పుట్టిందనే కదా అడిగావు? గ్రీసు దేశంలో, ఏథెన్స్‌లో. క్రీ.పూ. 508 ప్రాంతంలో క్లీస్తనీస్ అనే పెద్దింటి మనిషి పాత తెగల కట్టు విప్పేసి, జనాన్ని కలగలిపి, పది కొత్త తెగలు కట్టాడు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అంటారే, ఇక్కడ అది తిరగబడింది. బిడ్డ నడక నేర్చాక గాని పేరు పెట్టలేదు. డెమోస్ అంటే జనం, క్రాటోస్ అంటే బలం. రెండూ కలిపిన మాట వాడుకలోకి రావడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది.

ప్నిక్స్ అనే గుట్ట మీద సభ. పౌరుడైతే చాలు, చెప్పులు కుట్టేవాడైనా లేచి మాట్లాడొచ్చు, చెయ్యెత్తి తేల్చొచ్చు. కానీ వచ్చేవాళ్లేరీ? బజారులో కబుర్లాడుతూ నిలబడేవారు. అప్పుడు బంట్లు ఎర్రరంగు పూసిన తాడు చెరో కొస పట్టుకుని జనాన్ని తోలుకొచ్చేవారు. ఆ రంగు బట్టలకు అంటకుండా పరుగులు తీసేవాళ్లను చూసి అరిస్టోఫేనీస్ అనే నాటకాలాయన తన నాటకంలో మేలమాడాడు. మొన్న ఓట్లనాడు తొమ్మిదిదాకా దుప్పటి తీయలేదు చూడు, నీకూ అదే మందు!

తాడుతో లాభం లేక, క్రీ.పూ. 403 తర్వాత డబ్బు ఆశ చూపారు. మొదట ఒక ఓబోలు, తర్వాత రెండు, ఆపైన మూడు. ఆరు ఓబోలులైతే ఒక ద్రాక్మా. పని తెలిసినవాడి రోజుకూలి సుమారుగా అంతే. ఆలస్యమైతే కానీ కూడా రాదు. ఇంకేం, కోడి కూయకముందే గుట్టెక్కారు.

అరిస్టైడిస్ అని ఏథెన్స్ నాయకుడొకడి సంగతి చెప్పలేదు కదూ? పక్కదారే, అయినా వినాలి. ఎవడైనా మరీ పెరిగిపోతున్నాడనిపిస్తే కుండపెంకుల మీద పేరు గీకి పదేళ్లు ఊరు దాటించేవారు. ఆరువేల పెంకులు పడాలి. చదువురాని పల్లెటూరాయన ఒకడు పెంకు పట్టుకుని అరిస్టైడిస్ దగ్గరికే వెళ్లి, ఎవరో తెలియక, అరిస్టైడిస్ పేరు రాసిపెట్టమన్నాడట. నీకేం చేశాడయ్యా అంటే, ఏమీ చేయలేదు, అందరూ ధర్మాత్ముడు ధర్మాత్ముడంటుంటే విని విని విసుగెత్తింది అన్నాడట. ఆయన మారుమాట్లాడకుండా రాసిచ్చాడని, పెద్దవాళ్ల జీవితకథలు రాసిన ప్లూటార్క్ చెప్పాడు. ఊరూ వెళ్లగొట్టింది. రెండేళ్లకే, పర్షియావాళ్లు మీదికొస్తుంటే, మళ్లీ ఆ ఊరివాళ్లే పిలిపించుకున్నారు.

సరే, సభ దగ్గరికి రా. రోజువారీ పెత్తనానికి చీటీలు తీసి ఐదువందల మందిని వేసేవారు. వాళ్లలో ఒకడి చేతికి ఊరి ముద్ర, ఖజానా తాళాలు ఒక పగలూ ఒక రాత్రీ దక్కేవి, జన్మకొక్కసారే. సేనాపతులకు మాత్రం చీటీలు లేవు, ఏరి కోరి ఎన్నుకునేవారు. ప్రాణం తీపి మరి!

అందరూ అందలమెక్కితే మోసేవాళ్లెవరంటావా? బానిసలు. ఎర్రతాడు పట్టిన బంట్లూ ఊరి బానిసలే. ఆడవాళ్లదింకా విడ్డూరం. తల్లీ తండ్రీ ఇద్దరూ ఏథెన్స్‌వాళ్లైతేనే కొడుకు పౌరుడని క్రీ.పూ. 451లో పెరిక్లీస్ అనే నాయకుడు చట్టం తెచ్చాడు. ఆ తల్లికి మాత్రం సభలో చెయ్యెత్తే హక్కు లేదు. నన్నడిగితే, పురిటినొప్పులకైనా మూడు ఓబోలులు ఇచ్చి ఉండాల్సింది.