తవుటితో పోయిన సత్తువ

వైద్యశాస్త్ర చరిత్రమున మన సర్కారు జిల్లాలకొక అపఖ్యాతి కలదు. 1835లో మాల్కంసన్ అను సైనిక వైద్యుడు చెన్నపట్టణమున బెరిబెరి వ్యాధిని గూర్చి యొక గ్రంథము ప్రకటించెను. కాళ్లు తిమ్మిరెక్కి పట్టుదప్పుట, ఒడలు వాచుట, గుండె చెడి ఆయాసముతో హఠాత్తుగా ప్రాణము పోవుట దీని లక్షణములు. ఈ తీరపు సీమలో అది పాతుకొని యుండెను. కారణము మాత్ర మెవ్వరికిని తోచలేదు. తేమ యనిరి, చెడుగాలి యనిరి. సూక్ష్మజీవులు కనుగొనబడగనే నేరమంతయు వానిపై మోపిరి. శరీరమున ప్రవేశించిన దానిని వెదకిరే కాని, ప్రవేశింపక పోయినదానిని వెదకినవారు లేరు.

జపానులో టకాకి అను నౌకావైద్యుడు ఆహారమును అనుమానించెను. 1882లో బయలుదేరిన ర్యూజో నౌకలో 376 మందికిగాను 169 మందికి బెరిబెరి సోకి 25 మంది మరణించిరి. 1884లో త్సుకుబా నౌకను ఆ దారినే పంపి, నావికులకు మాంసము, పాలు, రొట్టె హెచ్చుగా నిప్పింపగా ఒక్కడును ఆ వ్యాధిచే చావలేదు. మాంసకృత్తుల కొరతయే కారణమని యాతడు తలచెను. ఊహ తప్పు, చికిత్స ఒప్పు.

జావాద్వీపమున డచ్చివారి ప్రయోగశాలలో జరిగిన కథ మరియు వింతైనది. 1889 ప్రాంతమున ఐక్మన్ పెంచుచున్న కోళ్లకు కాళ్లు పడిపోయెను. సూక్ష్మజీవిని పట్టవలెనని యాతడు తంటాలు పడుచుండగనే అవి తమంతట తామే కోలుకొనెను. విచారింపగా, కొంతకాలము వానికి సైనిక వైద్యశాలలో మిగిలిన తెల్లని యన్నము పెట్టిరనియు, క్రొత్తగా వచ్చిన వంటవాడు సైన్యపు టన్నము సైన్యమునకు చెందని కోళ్లకు ఈయనని పట్టుపట్టెననియు తేలినది. 1929లో ఐక్మనునకు నోబెలు బహుమానములో పాలు దక్కినది. వంటవాని నెవ్వరును తలపరైరి. ఐనను ఐక్మన్ సైతము తెల్లబియ్యములో విషమున్నదనియు, తవుడు దానికి విరుగుడనియు భావించెను. ఉన్నది విషము కాదు, లోటు అని 1901లో చెప్పినవాడు, అతని పిమ్మట ఆ పని చేపట్టిన గ్రైన్స్.

ఆ లోటు పేరు థయమిన్. దినమునకు మనకు కావలసినది ఇంచుమించు ఒక మిల్లిగ్రాము. తిన్న యన్నము చక్కెరగా మారి, ఆ చక్కెర కణములలో పైరువికామ్లము వరకు విరుగును. అచ్చటినుండి ముందునకు సాగి పూర్తిగా శక్తినిచ్చుటకు థయమిన్ తోడు కావలెను. అది లేనిచో ఆ ఆమ్లము రక్తమున పేరుకొనును. క్షణమైనను శక్తి లేక నిలువలేని నరములు, గుండె ముందుగా చెడును. దేహములోని నిలువ కొన్ని వారములకు మించి రాదు. పైగా అన్నము హెచ్చుగా తినుకొలది దీని యవసరమును హెచ్చును. కడుపు నిండ తెల్లని యన్నమే తినువాడు ఈ వ్యాధికి గురియగుట అందువలననే.

దీని రసాయన స్వరూపమును తేల్చి 1936లో కృత్రిమముగా నిర్మించిన రాబర్టు విలియమ్సు 1886లో మన నెల్లూరున మిషనరీ దంపతులకు జన్మించినవాడు. మనీలాలో తల్లిపాలయందు థయమిన్ కొరవడి చంటిబిడ్డలు చనిపోవుచుండగా, 1910 మొదలు తవుటిసారముతో వారిని బ్రతికించుటకు పూనుకొనెను. పిమ్మట అమెరికాలో టెలిఫోను పరిశోధనశాల యుద్యోగము చేయుచు, తీరికవేళల నా పదార్థముకొరకే వెదకెను.

ఇక మన సంగతి. 1940లో కూనూరు పరిశోధకులు ఏక్రాయిడ్ ప్రభృతులు దక్షిణదేశపు బియ్యమును పరీక్షించిరి. తమిళసీమలో ఉప్పుడు బియ్యము వాడుక హెచ్చు. వడ్లను నానబెట్టి ఉడికించునపుడు థయమిన్ గింజలోనికి దిగును. పిదప మర దానిని అంతగా ఊడ్వలేదు. సర్కారులవారు పచ్చి వడ్లను మరపట్టించి తినుచుండిరి. బెరిబెరియు వారిలోనే నిలిచి యుండెను. మరలు రాక పూర్వపు మాల్కంసన్ కాలమున నేమందురా? పచ్చి వడ్లను తెలుపు తేలువరకు దంపినచో రోకలియు మరపనియే చేయును. మల్లెపూవువంటి యన్నము పెట్టని గృహస్థునకు పెండ్లిపంక్తిలో మాట దక్కెడిది కాదు. తవుడు పశువుల తొట్టికి పోయెడిది. గింజనంటి మిగిలిన కొంచెమును, నాలుగుమారులు కడిగిన కడుగునీటను, వార్చిన గంజిలోను దాని వెంటనే పోయెడిది.